పాత ముగింపే బాగుంది

కొత్త సినిమా బాగుందా, పాతది బాగుందా అని అడిగితే నా జవాబు ఒక్కటే. పాతదాంట్లో స్కర్టు బాగా కుట్టారు. నవ్వితే నవ్వండి. బట్టలు సరిచేసే కొట్టు నడిపేదాన్ని, పైగా బ్యాడ్మింటన్ ఆడే కూతుర్ని కన్నదాన్ని, నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? కొత్త హీరోయిన్‌కి తొడిగిన స్కర్టుతో కాలు చాపి నెట్ దగ్గర షటిల్ అందుకోవడం మాట దేవుడెరుగు, బస్సు ఎక్కడం కూడా కష్టమే.

అసలు ఆ రోజు మేం వెళ్ళింది సినిమా కోసం కాదు. మా పొట్టికి పెళ్ళి కుదిరింది. పొట్టి అంటే నా కూతురు. ఇంట్లో అందరికన్నా పొడుగు, చిన్నప్పటి పేరు మాత్రం వదల్లేదు. అబ్బాయి కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు సానపడతాడు. వాళ్ళే ఒకరినొకరు ఇష్టపడ్డారు, మేం సరేనన్నాం, తేదీ అనుకుని చుట్టాలందరికీ చెప్పేశాం. సరిగ్గా అప్పుడు వచ్చిపడింది జాతీయ జట్టు శిబిరానికి రమ్మని పిలుపు. పెళ్ళి వారంలోనే. శిబిరానికి రానివాళ్ళకి జట్టులో చోటు లేదని అందులోనే రాశారు. చిన్నప్పటినుంచి అది తెల్లారకుండా లేచి మోకాళ్ళు అరగదీసుకున్నదంతా ఆ పిలుపు కోసమే.

పెళ్ళి వాయిదా వెయ్యమని మగపెళ్ళివారిని అడగాలి. ఎవరు అడగాలి? ఎలా అడగాలి? ఇంతలో అబ్బాయి తండ్రే ఫోన్ చేసి, తన కాలంనాటి బ్యాడ్మింటన్ ప్రేమకథని మళ్ళీ తీశారట, కోడలు ఆటగత్తె కదా, అందరం కలిసి చూసి అట్నుంచి వాళ్ళింటికి వెళ్దామని పిలిచారు. "ఇంటికి వెళ్ళాక నేనే చెప్తానమ్మా" అంది పొట్టి. మావారు బస్సు డ్రైవరు, ఆ రోజు డ్యూటీ ఉంది. బయల్దేరేముందు నావైపు ఒక చూపు చూసి, "నువ్వు మాత్రం కాస్త నోరు అదుపులో పెట్టుకో" అన్నారు. ఆయనకి నా నోరంటే నాకన్నా ఎక్కువ భయం.

పాత సినిమా నేను పెళ్ళికాకముందు చూశాను. ఇప్పుడు దాన్ని తలుచుకునేవాళ్ళే లేరు. అందులో హీరో రాకెట్లకి తీగలు బిగించే కొట్టువాడు, హీరోయిన్ ఆటగత్తె. ఏదో మాట పట్టింపు వచ్చి, సరిగ్గా ఫైనల్ రోజున అతను ఊరు వదిలి రైలెక్కుతాడు. ఆమె ఆఖరి గేమ్‌కి కోర్టులోకి వస్తుంది, రైలు కూత వినబడుతుంది, రాకెట్ కింద పారేసి స్టేషన్‌కి పరుగు తీస్తుంది. అప్పట్లో హాలంతా ముక్కులు ఎగబీల్చింది. నేనూ ఎగబీల్చాను, అబద్ధమెందుకు.

కొత్తదాంట్లో ముగింపు తిరగేశారు. అతనే రైలు దిగి పరుగున కోర్టుకి వస్తాడు, జనంలోంచి చప్పట్లు కొడతాడు, ఓడిపోతున్న ఆమె అతన్ని చూసి గెలుస్తుంది. ఆట మాత్రం ఒక్క ముక్క సరిగ్గా చూపిస్తే ఒట్టు. షటిల్ ఒకచోట, చెయ్యి ఒకచోట, మొహం ఒకచోట. అయినా ఆమె గెలవగానే చీకట్లో పొట్టి నా చెయ్యి పట్టుకుని నలిపేసింది. దాని మనసులో ఏముందో నాకు తెలుసు. ఆట వదలక్కర్లేదని సినిమావాళ్ళే చెప్పేశారు, ఇక మనం అడగడం తేలిక అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను.

బయటికి వచ్చాం. అబ్బాయి తండ్రి లైబ్రరీలో పనిచేసి రిటైరైన మనిషి, దేనిమీదైనా ఒక అభిప్రాయం ఉండాల్సిందే. "చెడగొట్టారండీ. పాత ముగింపు తలుచుకుంటే నాకిప్పటికీ కళ్ళు చెమరుస్తాయి" అన్నారు.

పొట్టి నవ్వుతూ అబ్బాయి వైపు తిరిగింది. "నువ్వేమంటావు?"

"నాన్న చెప్పిందే నిజం. పాత ముగింపే బాగుంది. ఇదేం ముగింపు" అన్నాడు అబ్బాయి, కళ్ళజోడు తుడుచుకుంటూ.

నా కూతురి మొహంలో నెత్తుటి చుక్క లేదు. అబ్బాయి తల్లి పక్కనే ఉంది. ఆవిడ ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది, రోజంతా సూక్ష్మదర్శినిలోకి చూసి చూసి మాట్లాడటం మర్చిపోయిందేమో అనిపిస్తుంది నాకు. అవుననలేదు, కాదనలేదు. బ్యాగు భుజానికి తగిలించుకుని నడిచింది. గుండ్రాయిలా ఎంత నిబ్బరమమ్మా ఈ మనిషికి అని తిట్టుకున్నాను.

బస్సులో వాళ్ళు ముందు, మేం వెనక కూర్చున్నాం. పొట్టి కిటికీవైపే చూస్తోంది. కాసేపటికి నా చెవిలో, "అమ్మా, నేనిక శిబిరం సంగతి చెప్పను. ఈ పెళ్ళే వద్దని చెప్పేస్తాను" అంది.

"సినిమా గురించి ఒక మాటంటే దానికే పెళ్ళి వద్దా?"

"రాకెట్ పారేసి పరిగెత్తిన మనిషి వాడికి నచ్చింది. నేను పారెయ్యలేను. ఇవాళ కాకపోతే రేపైనా వాడికీ నాకూ అక్కడే చెడుతుంది."

దాని మాటలో తప్పేముంది? ఆ అబ్బాయంటే దానికి ప్రాణం. వాడి పేరు వింటేనే చాలు, నవ్వు ఆపుకోలేదు. అలాంటిది, రెప్ప వెయ్యకుండా ఆ మాట అనేసింది. మావారు చెప్పిన జాగ్రత్తంతా అప్పుడే గాలికి పోయింది.

వాళ్ళిల్లు మూడు గదులు, ఎక్కడి వస్తువు అక్కడే. అబ్బాయి తల్లి కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్ళింది. నేను కుర్చీలో సర్దుకుని కూడా కూర్చోకుండానే అడిగేశాను.

"ఏం బాబూ, పాత ముగింపులో నీకంతగా ఏం నచ్చిందో కాస్త చెప్పు, విందాం."

పొట్టి నా కాలు తొక్కింది. తొక్కితే తొక్కిందిలే అని ఊరుకున్నాను.

అబ్బాయి ఉత్సాహంగా ముందుకి జరిగాడు. "అదేనండీ అత్తయ్యగారూ, ఆవిడ రాకెట్ పట్టుకుని ఆఖరి గేమ్‌కి కోర్టులోకి నడిచొస్తుంది కదా. తల పైకెత్తుతుంది, లైటు మొహంమీద పడుతుంది. అంతే, సినిమా అయిపోతుంది. గెలిచిందో ఓడిందో కూడా చెప్పరు. ఆడటానికి వచ్చింది, అంతకన్నా ఏం కావాలి? కొత్తవాళ్ళు ఈ రైలు గోలంతా ఎందుకు తగిలించారో నాకర్థం కాలేదు. ఆవిడ ఆట ఆవిడ గెలవాలంటే వాడు వచ్చి చప్పట్లు కొట్టాలా?"

నేను పొట్టిని చూశాను, పొట్టి నన్ను చూసింది.

"ఒరేయ్, రైలు పాతదాంట్లోనే ఉందిరా" అన్నారు వాళ్ళ నాన్న. "ఆ అమ్మాయి రాకెట్ పారేసి స్టేషన్‌కి పరిగెత్తదూ? అదే కదరా అసలు సీను."

"ఏ స్టేషన్? నాన్నా, ఆ సినిమా సీడీ నేను చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో లెక్కేలేదు. స్టేషనూ లేదు, ఏమీ లేదు."

"వాడు చూళ్ళేదు" అంది వంటింట్లోంచి వాళ్ళమ్మ.

ఆవిడ ట్రే తెచ్చి బల్లమీద పెట్టింది. ఎవరి కప్పు వాళ్ళ ముందుంచి, ఏదో ఉప్పు పప్పుల సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది. "ఆ అమ్మాయి కోర్టులోకి రాగానే నేను టీవీ కట్టేసేదాన్ని. సినిమా అయిపోయింది, వెళ్ళి పడుకో అనేదాన్ని. వాడు నమ్మేవాడు."

"మరి నేనో?" అన్నారు ఆయన.

"మీరు అప్పటికే గురకపెట్టేవారు."

నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఆయన మొహం చూసి బలవంతాన ఆపుకున్నాను. అబ్బాయి మాత్రం నోరు తెరిచి తల్లినే చూస్తున్నాడు. "ఇన్నేళ్ళూ? ఎందుకమ్మా?"

"ఆడపిల్ల ఏళ్ళ తరబడి నేర్చుకున్నదాన్ని నేలకేసి కొట్టి పరిగెత్తుకొస్తేనే దాన్ని ప్రేమంటారని నీకు తెలియడం నాకిష్టం లేదు. నీకు ఆ సినిమా అంటే ఇష్టం, మానిపించలేను. అందుకని అంతవరకే చూపించాను."

ఆవిడ ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. మాట్లాడి, తన కప్పు తీసుకుని కూర్చుంది.

పొట్టి గొంతు సవరించుకుంది. "అత్తయ్యా, మీకొక సంగతి చెప్పాలి" అని మొదలుపెట్టి, పిలుపు వచ్చిన దగ్గర్నుంచి తేదీలదాకా ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. చెప్పినంతసేపూ అబ్బాయి వైపు చూడలేదు. చెప్పడం అయ్యాక చూసింది. వాడు అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు. "జట్టుకి పిలిచారా? ఎప్పుడు పిలిచారు? నాకెందుకు చెప్పలేదు నువ్వు?" అంటున్న వాడి మొహమంతా నవ్వే. ఆ నవ్వు చూశాక నా గుండెల మీది బరువు దిగింది. ఎంత దిగిందంటే, కాఫీతోపాటు పెట్టిన ఉప్పుబిస్కెట్లు నాలుగు గబగబా తినేశాను.

అబ్బాయి తండ్రి మాత్రం బుర్ర గోక్కున్నారు. "అందరికీ చెప్పేశాం కదా మరి, ఇప్పుడెలా?"

"మళ్ళీ చెప్దాం. మీకు మాత్రం వేరే ఏం పనుంది?" అంది ఆవిడ. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, అదీ నిజమేనన్నట్టు తల ఊపి, అప్పుడే ఫోన్ తీశారు.

నేను ఆవిడ పక్కకి జరిగాను. "వదినగారూ, ఇది చెప్పడానికి మేం ఎంత భయపడ్డామో మీకు తెలియదు" అన్నాను.

ఆవిడ నా కూతురి వైపు తిరిగింది. "ఎందుకే భయం?"

"మీరు వద్దంటే ఏం చెయ్యాలో తెలియక, అత్తయ్యా."

"మేం వద్దన్నా వెళ్ళాలి" అంది ఆవిడ.

పొట్టి అప్పుడు ఏడ్చింది. ఫైనల్లో ఓడిపోయి వచ్చిన రోజున కూడా నా ముందు ఏడవని పిల్ల, ఆవిడ భుజంమీద తల పెట్టి ఏడ్చింది. నా కళ్ళూ ఆగలేదు. ఆవిడ ఒక చేత్తో దాని వీపు నిమురుతూ, రెండో చేత్తో చల్లారిపోతున్న కాఫీ నావైపు జరిపింది.