గడ్డి కోసే శుక్రవారం

"ఆ వయసు పిల్లల చేతికి కత్తి దొరికితే ఒళ్లు తెలుస్తుందా? ఆ సియెనీ తుళ్లుతూ కాలు నరుక్కుందంట" అని పక్కింటి మెలే ఊరంతా చెబుతోందని నా భార్య వచ్చి చెప్పింది. నాకు ఒళ్లు మండింది.

సియెనీ మా అక్క లోసా కూతురు, పద్నాలుగేళ్లది. అది నరుక్కోలేదు. పక్క పిల్ల చేతిలో కత్తి జారి దాని మడమ నరం తెగింది. మా సవాయి దీవిలో శుక్రవారం వస్తే పిల్లలు ఇంటి నుంచి కత్తులు తీసుకెళ్లి బడిలో గడ్డి కొయ్యాలి. ఆ రోజు తనిఖీ అధికారి వస్తున్నాడని, వానకు తడిసిన నేల మీద, రబ్బరు చెప్పులతో, మూరెడు ఎడంలో నలభై మందిని నిలబెట్టారు.

సోమవారం హెడ్మాస్టరు అక్కను పిలిపించాడు. నేనూ వెళ్లాను. ఇద్దరు టీచర్ల ముందు, ప్రమాదం గురించి రాసిన ఒక కాగితం అక్క వైపు తోశాడు. 'కారణం: విద్యార్థిని అజాగ్రత్త.' అక్క సంతకం పెడితే తప్పు పిల్లదైపోతుంది.

"పెట్టమ్మా. ఏటా కోస్తూనే ఉన్నారు, ఎవరికేమైంది?"

"పోయినేడు కొలో అనే పిల్లాడికి వేలు తెగలేదా సార్?" అన్నాను.

"అది చిటికెన వేలేగా!"

అక్క కాగితం వెనక్కి తోసింది.

"బడికిచ్చిన గడ్డి కోసే మిషను రెండేళ్లుగా మీ పెరట్లో తిరుగుతోంది. కారణం దగ్గర ఆ ముక్క రాయండి, ఇప్పుడే పెడతా సంతకం."