తెల్లరంగు కొట్టిన రేకులు

ఇస్త్రీ షెడ్లు ఇరవై. బ్యాంకువాళ్ళు వచ్చి రోడ్డు మీదికి కనబడే ఐదింటి రేకులకే తెల్లరంగు కొట్టించారు. ఎండవేడి లోపలికి దిగదట. వాతావరణ మార్పు మీద బ్యాంకు పోరాటం అని బ్యానరు కట్టి, ఫొటోలు దిగి వెళ్ళిపోయారు.

రంగు పడిన ఐదో షెడ్డు చిన్నకోడలిది. పడని ఆరోది పెద్దకోడలిది. మధ్యన ఒకటే గోడ.

గోడ అవతల తోటికోడలు కూనిరాగం తీస్తూ ఇస్త్రీ చేస్తోంది. ఇవతల పెద్దకోడలి మొగుడు నెత్తిన తడిగుడ్డ వేసుకుని కూర్చున్నాడు. కిందటి ఎండాకాలం ఈ రేకుల కిందే స్పృహ తప్పి పడ్డాడు. మళ్ళీ పడితే లేవడన్నాడు డాక్టరు. పెద్దకోడలికి కడుపు రగిలిపోయేది. ఆ తెలుపు మాసిపోతే బాగుండునని రోజూ అనుకునేది.

పదిరోజులకు మాసిపోయింది. రేకుల నిండా బూడిద.

“ఇస్త్రీపెట్టె బూడిద దులిపింది నువ్వే కదక్కా,” అంది చిన్నకోడలు, అందరి ముందూ. “నా రేకులు చూసి నీకు నిద్రపట్టట్లేదు.”

“పట్టట్లేదు. అయినా నేను పొయ్యలేదు.”

“మరి మబ్బులు దులిపాయా?”

జనం నవ్వారు. పెద్దకోడలు నిచ్చెనెక్కి చిటికెడు బూడిద తెచ్చి, నీళ్ళతో తడిపి నలిపింది. చొక్కా మీద మరక పడితే ఇస్త్రీవాళ్ళు చేసే పరీక్షే అది.

“మన కట్టెబొగ్గు బూడిదైతే సబ్బులా జారాలి. ఇది గరగరలాడుతోంది. నువ్వే చూడు.”

చిన్నకోడలు నలిపి చూసింది. మెల్లగా తలెత్తి, కాలవ అవతల బొగ్గుతో కరెంటు తీసే ఫ్యాక్టరీ కొత్త పొగగొట్టం వైపు చూసింది.

“దానికి అప్పిచ్చిందెవరో గేటు మీదే రాసుంది,” అన్నాడు చివరి షెడ్డు తాత. “మనకి రంగు కొట్టించినవాళ్ళే. ఇక్కడ ఐదు డబ్బాలు, అక్కడ కోట్లు.”

“అయితే వెళ్ళి అడుగుదాం,” అంది పెద్దకోడలు.

“బ్యాంకువాళ్ళ చొక్కాలు మన దగ్గరికే వస్తాయి. ఆ పని పోతే?” అన్నారెవరో.

“ముడతలతో తిరగమను,” అంది చిన్నకోడలు.

మర్నాడు బ్యాంకు తెరిచేసరికి ఇరవై షెడ్లవాళ్ళూ లోపల ఉన్నారు, ఇస్త్రీ కాని చొక్కాల మూటలతో. వాళ్ళు అడిగింది రెండే. ఇరవై షెడ్లకీ రంగు వెయ్యాలి. ఆ గొట్టానికి ఇక పైసా ఇవ్వబోమని రాసివ్వాలి.

మేనేజరు పెద్దకోడలిని పక్కకు పిలిచాడు. “మీ ఆయన సంగతి విన్నానమ్మా. మీ షెడ్డుకి ఇవాళే రంగు వేయిస్తాను. వీళ్ళని తీసుకెళ్ళిపోండి.”

ఇన్నాళ్ళూ కళ్ళల్లో నిప్పులు పోసుకున్నది దీనికోసమే.

“ఒప్పుకో అక్కా, బావగారి కోసం,” అంది వెనకనుంచి చిన్నకోడలు. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. వెతికినా దొరకలేదు.

పెద్దకోడలు తల అడ్డంగా ఊపింది. “రేపు ఏడో షెడ్డుది నా రేకులు చూసి ఇలాగే కాలిపోతుంది సార్. ఆ మంట నాకు తెలుసు. అందరికీ వెయ్యండి. కాగితం రాసివ్వండి.”

వెళ్ళి నున్నటి నేలమీద కూర్చుంది. చిన్నకోడలు జరిగి, చల్లగాలి తగిలే చోటు ఇచ్చింది.

పోలీసులు వచ్చారు. “లేవండి,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పెద్దకోడలు ఆయన ఖాకీ చొక్కా చేతుల మీది గీత వైపు చూసింది.

“ఆ మడత నేను పెట్టిందే సార్,” అంది, లేవకుండానే. “రేపట్నుంచి అదీ ఉండదు.”