జవాబు అందించొద్దు

నోరు మూసుకుని ఉండడం నా వల్ల కాని పని. యూనివర్సిటీ లేడీస్ హాస్టల్ మెస్సులో సూపర్‌వైజర్‌ని మరి. నేను అరవకపోతే అక్కడ పూరీ కూడా పొంగదు. అలాంటి నాకు ఆ హారిక మౌనవ్రతం పెట్టింది.

సంగతేమిటంటే, మా బాలలక్ష్మి హెడ్ కుక్ కావాలి. వంటలో ఆమెకు తిరుగులేదు. కానీ మెస్సు నడిపే కంపెనీవాళ్లు ఆన్‌లైన్ ట్రైనింగ్ పెట్టారు. శుభ్రత, గ్యాసు, ఒంటికి పడని తిండి అన్నీ ఫోన్‌లో చూసి, తార్నాకలోని వాళ్ల ఆఫీసుకెళ్లి, కంప్యూటర్ తెర మీద కనిపించే సారుకు జవాబులు చెప్పాలి. బాలలక్ష్మి వీడియోలన్నీ ఒక్క మధ్యాహ్నంలో గడగడా చూసేసి ఒకసారి తప్పింది. మళ్లీ తప్పితే బయటినుంచి ఎవరినో తెస్తారట. నాకు ఒళ్లు మండిపోయింది.

హారిక మా హాస్టల్ పిల్లే. కర్నూలు వైపుది, మెదడు మీద పరిశోధన చేస్తోంది. వీడియోలను ముక్కలు చేసి రోజుకొకటి చూపించింది. మర్నాడు మళ్లీ చూపించకుండా ప్రశ్న అడిగేది. రెండు రోజులాగి అదే మళ్లీ అడిగేది.

"చూపియ్యకుండ అడిగితే ఎట్ల చెప్తది? గిదేం చదువమ్మా?" అన్నాను.

"గుర్తు తెచ్చుకునేదానికి తిప్పలు పడితేనే వనజమ్మా, మెదడులో గట్టిగా నిలిచేది."

కానీ మా మెస్సులో ఒకరు తడబడుతుంటే చూస్తూ ఊరుకునే అలవాటు ఎవరికీ లేదు. బాలలక్ష్మి నీళ్లు నమలడం మొదలుపెట్టగానే చపాతీల దగ్గరనుంచి అమల, గిన్నెల దగ్గరనుంచి దానియేలు, అందరికంటే ముందు నేను, జవాబు అందించేసేవాళ్లం. తోటి మనిషిని అలా వదిలేస్తామా?

చివరికి హారికకు కోపం వచ్చింది. "ఆయమ్మకు బదులు మీరంతా నేర్చుకుంటాండారు! ఇంకెవరూ నోరు తెరవద్దండి!"

అమ్మో, ఆ తర్వాత నేను పడ్డ అవస్థ! బాలలక్ష్మి ఉల్లిగడ్డలు కోస్తూ ఆలోచిస్తుంటే నేను కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. తప్పు చెప్తే హారిక సరిదిద్ది, మర్నాడు మళ్లీ అడిగేది. ఒకరోజు బాలలక్ష్మి సాంబారు కలుపుతూ, ఎవరూ అడగకుండానే గ్యాసు పాఠమంతా తనలో తాను చెప్పుకుంటుంటే నా కడుపు నిండిపోయింది.

పరీక్షనాడు హారికతో కలిసి ముగ్గురం తార్నాక వెళ్లాం. మమ్మల్నిద్దరినీ గుమ్మం దగ్గరే నిలబెట్టారు. బాలలక్ష్మి అన్నీ బాగానే చెప్పింది. ఆఖరున సారు అడిగాడు: "పల్లీలు పడని అమ్మాయి వరుసలో ఉంది. మీ చేతిలో పల్లీ చట్నీ గరిటె ఉంది. ఇప్పుడేం చేస్తారు?"

బాలలక్ష్మి ఆగిపోయింది. పక్కనుంచి "వేరే గ..." అని వినబడింది. చూద్దును కదా, హారిక! ఎంత మెదడు చదివినా ఆమె కూడా మనిషే కదా. అరచేత్తో ఆ పిల్ల నోరు గట్టిగా మూసేశాను.

"ఆ గరిటె పక్కకు పెడ్త," అంది బాలలక్ష్మి నెమ్మదిగా. "సబ్బుతోని చేతులు కడుక్కుంట. వేరే గరిటె తీస్త. ఏ కూరల ఏమేసిన్రో అడిగినంకనే వడ్డిస్త."

సారు నవ్వి, పాసయ్యారమ్మా అన్నాడు.

బాలలక్ష్మి పరుగున వచ్చి నా భుజాలు పట్టుకుని ఊపేసింది. "అక్కా, ఎవ్వరు అందియ్యలే గదా? బడిల గూడ పక్కపిల్లనే చెప్పేది. గియ్యాల నాకే యాదికొచ్చింది!"