మూడుసార్లు విరిగిన చీల

మా కొలిమిలో సాగిన ఇనుము విరగదని ధవళేశ్వరంలో పేరు. ఆ పేరు మా తాత సంపాదించాడు, మా నాన్న నిలబెట్టాడు. నా వంతు వచ్చేసరికి జగన్నాథరాజుగారి లాంచీ దాపురించింది.

రాజుగారు ఎక్కడో పాత ఆవిరి పడవ కొన్నారు. దాని యంత్రాన్ని నా చేత పూర్తిగా విప్పించి, అరిగిన ముక్కలన్నీ మార్పించారు. కాకినాడ కాలువలో అందరికంటే జోరుగా పోవాలని ఆయన ముచ్చట. పోయింది కూడా. నడిపేవాడు సత్తియ్య, చేపలు పట్టే ఇంటివాడు, ముగ్గురు పిల్లల తండ్రి. కార్తీకం వెళ్లేదాకా ఏ చిక్కూ లేదు. మార్గశిరంలో పట్టుకుంది పీడ.

యంత్రం కీళ్లకు చమురు అందించడానికి పక్కన చిన్న పంపు ఉంటుంది. పెద్ద ఇరుసు తిరిగితే, దానితోపాటు పంపుకున్న చిన్న ఇరుసూ తిరగాలి. ఆ రెంటినీ కలిపి ఉంచేది వేలెడంత చీల. అది విరిగితే పంపు ఆగుతుంది, చమురందక యంత్రం కాలిపోతుంది. తెల్లవారుజామున లాంచీ కదలబోయేసరికి ఆ చీల పుటుక్కున విరిగేది. మనుషులు గట్టు మీద నుంచి తాళ్లతో లాగి, మధ్యాహ్నానికి నా కొలిమి దగ్గరికి చేర్చేవారు. పంపు విప్పి చూస్తే అంతా శుభ్రంగానే ఉండేది. మునుపటికంటే లావు చీల వేసి పంపేవాణ్ణి.

మూడోసారి విరిగిననాడు రాజుగారు నన్ను రేవుకే పిలిపించారు. "ఏంటిది వీరబ్రహ్మం?" అన్నారు, ప్రయాణికులందరి ముందు.

నాకు ఒళ్లు మండింది. "నా పనిలో లోపం లేదండి. మీవాడు ఆవిరి ఒక్కసారిగా వదిలేస్తున్నాడు. చేతకానివాడి చేతిలో పెడితే ఏ చీల ఆగుతుందండి?" అన్నాను.

అబద్ధమని తెలిసి అనలేదు. నిజమని తెలిసీ అనలేదు. సత్తియ్య కొలువు అక్కడికక్కడే పోయింది.

ఈసారి ఉక్కు చీల వేశాను. నేనే నడిపి చూపిస్తానని రాజుగారికి మాటిచ్చి, తెల్లవారకముందే రేవుకు వెళ్లాను. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. పసిబిడ్డకు పాలు పట్టినంత నెమ్మదిగా ఆవిరి వదిలాను. చీల విరగలేదు. చిన్న ఇరుసే ఫెళ్లుమని రెండు ముక్కలైంది.

వెంటనే పంపు మూత తీశాను. లోపల నూనె తెల్లగా గడ్డకట్టి ఉంది. వేలు పెడితే దిగలేదు.

అది రాజుగారి తోట కొబ్బరి, రాజుగారి గానుగ నూనె. ఇంట్లో నూనె ఉండగా, యంత్రాలకని సీమ నుంచి వచ్చే చమురు కొనడమేంటని ఆయన పట్టుదల. చలికాలం కొబ్బరినూనె పేరుకుంటుందని మా ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. తలకు రాసుకునే ముందు గిన్నె ఎండలో పెట్టని ఇల్లుందా? కానీ పడవ నా దగ్గరికి చేరేసరికి ఎండెక్కి నూనె కరిగిపోయేది. తెల్లవారుజామున వచ్చి చూద్దామన్న బుద్ధి నాకు పుట్టలేదు. సత్తియ్య మొహం గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

ఇరుసు మార్చి, నూనె కాచి పోసి, నోరు మూసుకుంటే నా పేరుకు మచ్చ రాదు. ఆ ఆలోచనతో అరపూట కూర్చున్నాను. తర్వాత లేచి రాజుగారింటికి వెళ్లాను.

"తప్పు సత్తియ్యది కాదండి. మీ నూనెదీ, నా తలకాయదీనండి."

"నూనె సంగతి నేను చూసుకుంటా. నువ్వన్న మాట సంగతి నువ్వు చూసుకో" అన్నారాయన.

చిన్న ఇరుసు లావుగా సాగదీసి వేశాను. చీల మాత్రం మెత్తని ఇత్తడిది పెట్టాను. ఏదైనా అడ్డుపడితే చీలే పోవాలి గానీ ఇరుసు పోకూడదు. రాజుగారు సీమ చమురు తెప్పించారు, సత్తియ్య కొలువు తిరిగి ఇస్తామన్నారు. అప్పుడు అతన్ని వెతుక్కుంటూ వెళ్లాను. ఏటి ఒడ్డున వల చిక్కు తీసుకుంటున్నాడు. జరిగిందంతా చెప్పి, తప్పు నాదేనన్నాను.

అతను తలెత్తలేదు. "రేవులో అందరి ముందు అన్నారండి. ఇక్కడ నాకొక్కడికే చెబుతున్నారండి" అన్నాడు.

మర్నాడు ఉదయం రేవు నిండా జనం. అరటి గెలల మధ్య నుంచి దారి చేసుకుని లాంచీ బల్ల ఎక్కాను. అందరికీ వినబడేలా చెప్పాను. సత్తియ్య పనిమంతుడని, చూసుకోకుండా నోరు పారేసుకున్నది నేనని, కొబ్బరినూనె గడ్డకడుతుందని తట్టని బుర్ర నాదని. వెనక ఎవరో పకపకా నవ్వారు. మా తాత పేరు ఆ నవ్వులో కలిసిపోతున్నట్టే అనిపించింది.

జనంలోంచి సత్తియ్య వచ్చాడు. నవ్వలేదు, దండం పెట్టలేదు. లాంచీ ఎక్కి చమురు చూసుకున్నాడు, చక్రం మీద చెయ్యి వేశాడు.

"కాస్త పక్కకు జరగండి ఆచారిగారూ, ఆవిరి వదలాలి" అన్నాడు.

జరిగాను.