ఛాతీకి పాకిన లూపు

కింది వాటాలో ఉండే రేడియో పెద్దమ్మ చెప్పినదాని ప్రకారం, ఎవరో ఆవిడకు కడుపు రాకుండా లూపు వేసి నాలుగు నెలలే అయిందట. గర్భసంచిలో ఉండాల్సినది కాస్తా మెల్లగా పైకి పాకి, పక్కటెముకలు దాటి, గుండె పక్కన చేరి కూర్చుందట. ఎక్స్‌రేలో తెల్లగా, వంకీ తిరిగి కనిపించిందట. ఈ సంగతి పెద్దమ్మకు పాలబూతు ఆవిడ చెప్పింది. పాలబూతు ఆవిడకు బస్సులో పక్క సీటావిడ చెప్పింది. పక్క సీటావిడకు ఎవరు చెప్పారో ఎవరూ అడగలేదు.

"గుండె కొట్టుకున్నప్పుడల్లా గీసుకుంటుందటే అమ్మాయ్! నీకూ వేశారు కదూ?" పెద్దమ్మ మెట్ల మీద దారికి అడ్డంగా నిలబడి మరీ అడిగింది. "మా కోడలికి రెండు నెలల కిందటే తీయించి పారేశాను. వీధి చివరి క్లినిక్కులో ఎందుకు, ఏమిటి అని ఒక్క ప్రశ్న వేస్తే ఒట్టు. అయినా చంటిది పాలు తాగినన్నాళ్లు కడుపు రమ్మన్నా రాదు. ఆ ఇనపముక్క ఎందుకు చెప్పు మనకి?"

వింటున్నది జిప్పమ్మ. బ్యాగుల కార్ఖానాలో ఏడేళ్లుగా జిప్పులు కుడుతోంది కాబట్టి ఆ పేరు. ఇప్పుడు మొగుడు కూడా అలాగే పిలుస్తాడు.

ఎనిమిది నెలల కిందట జిప్పమ్మకూ పెద్దమ్మ కోడలికీ ఒకే వారంలో, ఒకే వార్డులో కాన్పులయ్యాయి. ఇద్దరికీ అది రెండో ఆపరేషన్. "గర్భసంచి మీద రెండుసార్లు కోత పడింది. కనీసం రెండేళ్లు మళ్లీ కడుపు రాకుండా చూసుకోండి. తొందరపడితే ప్రాణానికే ముప్పు" అని డాక్టరమ్మ ఇద్దరికీ వేలెత్తి మరీ చెప్పింది. ఇద్దరూ ఒప్పుకుని అప్పుడే లూపు వేయించుకున్నారు.

పెద్దమ్మ మాటలు విని జిప్పమ్మ కార్ఖానాకు వెళ్లి మిషను ముందు కూర్చుంది. సూది దిగినప్పుడల్లా రొమ్ము కింద ఎక్కడో చురుక్కుమన్నట్టుంది. ఊపిరి పీలిస్తే లోపల ఏదో కదిలినట్టుంది. మూడు జిప్పులు తలకిందులుగా కుట్టి మేస్త్రీ చేత తిట్లు తింది. తీయించుకుంటే కడుపొస్తుందని భయం, ఉంచుకుంటే గుండెకు గుచ్చుకుంటుందని భయం. ఎటు ఒత్తిగిలినా ముల్లే. మనసులోని భయానికి ఒళ్లు ఎంత తొందరగా సాక్ష్యం పలుకుతుందో, ఒక్కసారైనా భయపడిన ప్రతి ఆడకూతురికీ తెలుసు.

"తీయించెయ్యవే, పీడా పోతుంది" అన్నాడు లిఫ్టు మెకానిక్ మొగుడు. "నేను జాగ్రత్తగా ఉంటాలే."

"మొన్న పాలు పొయ్యి మీద పెట్టి జాగ్రత్తగా చూస్తానన్నదీ నువ్వే" అంది జిప్పమ్మ. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

మర్నాడు సగం పూట సెలవు పెట్టి ఆరోగ్యకేంద్రానికి వెళ్లింది. లూపు వేసిన సిస్టరమ్మే ఉంది. తీసెయ్యమని జిప్పమ్మ బల్ల అంచు పట్టుకుని అడిగింది. గుండెకు పాకిన లూపు కథంతా చెప్పింది.

సిస్టరమ్మ కళ్లజోడు పైకి తోసుకుంది. "నీ ఒళ్లు, నీ ఇష్టం. తీసెయ్యమంటే ఇప్పుడే తీస్తాను. ముందు ఒక్కటి చెప్పు. లూపు వేసి నాలుగు నెలలు, ఎక్స్‌రేలో తెల్లగా వంకీ. అంతేనా?"

"అంతే సిస్టరమ్మా."

"వంగి వంగి కుట్టి ఛాతీలో నొప్పి తెచ్చుకుని, నేను పంపిస్తే, జాకెట్టుకున్న పిన్నీసు తీయకుండా ఎక్స్‌రే బల్లెక్కినది ఎవరు తల్లీ?"

ఎక్కింది జిప్పమ్మే. ఎక్స్‌రే తీసేవాళ్లు కంగారుపడి, తర్వాత తిట్టి, రెండోసారి తీసిన సంగతి గుర్తొచ్చింది. మర్నాడు కార్ఖానాలో అన్నాల వేళ తాను చెప్పిన హాస్యమూ గుర్తొచ్చింది. "లూపు వేయించుకున్నాక ఎక్స్‌రే తీస్తే ఛాతీలో వంకర ముక్క కనిపించిందే!" అని అందరినీ హడలగొట్టి, చివర్లో పిన్నీసు సంగతి చెప్పి నవ్వించింది. ముందు ముక్క విని చేతులు కడుక్కోవడానికి లేచినవాళ్లు వెనక ముక్క వినలేదు. ఆ సగం కథ నాలుగు నెలలు ఊరంతా తిరిగి, చెప్పిన మనిషినే బెదిరించడానికి ఇంటికొచ్చింది!

"నువ్వు కుట్టే సంచికి నోరెన్ని?" అడిగింది సిస్టరమ్మ.

"ఒకటే."

"గర్భసంచికీ అంతే, లూపు పట్టేంత నోరు ఒక్కటే, అదీ కిందికే. అక్కడినుంచి గుండెకు దారి లేదు. వెయ్యిమందిలో ఒకరిద్దరికి, వేసేటప్పుడు గోడకు గుచ్చుకుని పొత్తికడుపులోకి పోవచ్చు. కొందరికి కిందికి జారిపోవచ్చు. అందుకే లూపుకు వేలాడే దారం చూస్తాం, నొప్పొస్తే రమ్మంటాం. దాచేదేముంది?"

"మరి పాలిస్తుంటే కడుపు రాదని…"

"బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా. అదీ తల్లిపాలు తప్ప మరేదీ పట్టకుండా, పగలూ రాత్రీ ఇస్తూ, నెలసరి మళ్లీ రాకుండా ఉంటేనే. ఎనిమిదో నెల బిడ్డ తల్లికి ఆ ధీమా పనికిరాదు. నెలసరి రాలేదు కదా అనుకుంటే, అది రాకముందే కడుపు నిలవచ్చు."

దారం చూసి అంతా సరిగ్గానే ఉందంది సిస్టరమ్మ. జిప్పమ్మ లూపు ఉంచుకుంది. ప్రాణం కుదుటపడుతుండగానే మరో తలపు వచ్చింది. పెద్దమ్మ కోడలు! రెండు నెలల కిందటే తీయించేసింది…

పరుగులాంటి నడకతో ఇంటికి చేరేసరికి పెద్దమ్మ వాకిట్లో చంటిది గుక్కపట్టి ఏడుస్తోంది. లోపల కోడలు పిల్ల పొత్తికడుపు పట్టుకుని గోడకు జారగిలబడి ఉంది. పెదవులు తెల్లగా పాలిపోయాయి. కట్టుకున్న బట్ట తడిసి ఎర్రగా ఉంది.

"వేడి చేసిందే, అంతే. కాసేపు పడుకుంటే…" పెద్దమ్మ మాట పూర్తి కాలేదు. జిప్పమ్మ వీధిలోకి పరిగెత్తి దొరికిన ఆటోను ఆపింది.

పెద్దాసుపత్రి వరండాలో బెంచీ చల్లగా ఉంది. లోపలి తలుపు మూసుకుని మూడు గంటలైంది. ఎవరు బయటికొచ్చినా పెద్దమ్మ కొడుకు లేచి నిలబడుతున్నాడు, మళ్లీ కూలబడుతున్నాడు. జిప్పమ్మ ఒడిలో చంటిది ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది.

చివరికి డాక్టరమ్మ వచ్చింది. "పిండం పాత కోత మీదే కుదురుకుంది. అక్కడ చిట్లి రక్తం పోయింది. ప్రాణం నిలబెట్టాం. గర్భసంచి తీసెయ్యక తప్పలేదు. ఇంకో అరగంట ఆలస్యమైతే మనిషి కూడా దక్కేది కాదు" అని చెప్పి వెళ్లిపోయింది.

పెద్దమ్మ నెత్తి బాదుకుంది. "దాని మంచి కోరే కదా తీయించాను! ఆ ఎక్స్‌రే ఆవిడ సంగతి విని హడలిపోయాను…"

"ఆ ఎక్స్‌రే నాదే పెద్దమ్మా" అంది జిప్పమ్మ. "అందులో కనిపించింది లూపు కాదు, నా పిన్నీసు. నవ్వులాటకి చెప్పాను."

పెద్దమ్మ కొడుకు తలెత్తి చూశాడు. ఆ చూపుకు జిప్పమ్మ తల దించుకుంది. పెద్దమ్మ మూలిగింది. "ఏం చేస్తాం, మా ఖర్మ."

జిప్పమ్మ తల ఎత్తింది. "ఖర్మ కాదు పెద్దమ్మా. నేను చెప్పాను, పాలబూతు ఆవిడ చెప్పింది, నువ్వు చెప్పావు. చెప్పడానికి ఇన్ని నోళ్లున్నాయి గానీ, అది వేసిన సిస్టరమ్మ దగ్గరికి వెళ్లి 'ఇది నిజమేనా?' అని అప్పుడే అడగడానికి ఒక్క నోరూ లేకపోయింది."