పెదనాన్న పేరున్న లాప్‌టాప్

భట్టిప్రోలులో మా లూథరన్ గుడికి ఎవరేది ఇచ్చినా దాని మీద ఒక పేరు ఉంటుంది. ఫ్యాను రెక్కల మీద, బెంచీల వెనక, మైకు పెట్టె మీద, అన్నిటి మీదా పేర్లే. లాప్‌టాప్ మూత మీద కూడా తెల్లరంగు అక్షరాలున్నాయి. ‘ప్రభువునందు నిద్రించిన సుందరయ్య గారి జ్ఞాపకార్థం, భార్య పున్నమ్మ.’ మా పెదనాన్న పోయాక, ఆరేళ్ల కిందట పున్నమ్మ పెద్దమ్మ ఇచ్చిన డబ్బుతో కొన్న కానుక అది. మా పాస్టరు అయ్యగారు దాని మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. అప్పటి నుంచి ఆదివారం ఆరాధనలో పాటలు తెర మీద చూపించే పని నాది.

నేను కాలువ మీద లస్కరుని. షట్టర్లు ఎత్తడం, దించడం నా ఉద్యోగం. చదువు పదో తరగతితో ఆగింది. అయినా నాలుగు వందల పాటలు ఒక్కొక్కటిగా నేనే టైపు చేశాను. పుస్తకంలో అక్షరాలు ఆనని ముసలివాళ్లు తెర చూసి పాడుతుంటే, నా చేతనైన సేవ ఇది అనుకునేవాణ్ణి.

ఈ మధ్య ఒక ఆదివారం, రెండో పాట మధ్యలో తెర మీద అక్షరాల వెనక రంగు నల్లగా మారింది. కింద మూలన ఇంగ్లీషులో రెండు వరుసలు వచ్చాయి. ఏ మీట నొక్కినా అవి పోలేదు. ముందు బెంచీలో కూర్చునే లాజరు మాస్టారు స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. కళ్లజోడు సర్దుకున్నారు.

“తోమాసూ, పాట కింద ఇంకో రెండు చరణాలున్నయ్యేంటి? అవి కూడా పాడాలా?”

వెనక ఎవరో నవ్వారు. ఆరాధన అయ్యాక మాస్టారు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు. “ఇందులో ఉన్న సిస్టం అసలుది కాదంటయ్యా. దొంగ కాపీ అని రాసుంది.”

“నాకు తెలియదండి,” అన్నాను.

అది అబద్ధం. ఆరేళ్ల కిందట తెనాలిలో లాప్‌టాప్ కొన్నప్పుడు షాపు కిరీటి నన్ను అడిగాడు, సిస్టం ఒరిజినల్ వెయ్యమంటారా, మామూలుది వెయ్యమంటారా అని. ఒరిజినల్ అయితే పెద్దమ్మ ఇచ్చిన డబ్బులో తెర కొనడానికి ఏమీ మిగలదు. మామూలుదే వెయ్యమన్నాను. మిగిలిన దానితో తెర కొన్నాను. దేవుని పనికే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అదే నోటితో ఆదివారం బడి పిల్లల చేత మా లూథరన్ లెక్కలో ఏడో ఆజ్ఞ, దొంగతనం కూడదనేది, వల్లె వేయించాను.

సోమవారం రేపల్లె ప్యాసింజరు ఎక్కి తెనాలి వెళ్లాను. కిరీటి లాప్‌టాప్ తెరిచి చూశాడు.

“ఇంతేనా బాబాయ్ గారూ. పది నిమిషాలు కూర్చోండి. మళ్లీ మామూల్దే ఏసిస్తాను, ఆ అక్షరాలు కనపడవు.”

“మామూల్దంటే దొంగదేగా బాబూ?”

“దొంగదంటారేంటండి. అందరూ వాడేదేగా. ఎవరొచ్చి అడుగుతారు?”

“డబ్బు కడతాను, అసలుదే ఎయ్యి.”

“దీనికి కొత్తది ఎక్కదండి. పాతదాన్ని కంపెనీ వాళ్లే వదిలేశారు. అసలుదే కావాలంటే లాప్‌టాపే మార్చుకోవాల.”

మారిస్తే పెదనాన్న పేరున్నది బీరువాలో పడుతుంది. మార్చకపోతే ఆయన పేరు కింద దొంగ సరుకు అలాగే ఉంటుంది. సంచీ పట్టుకుని తిరుగు రైలెక్కాను.

ఇక మిగిలింది సింధు. పెద్దమ్మకు మనవరాలు, బాపట్లలో ఒక కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది. ఆమె సాయం అడగాలంటే తాత పేరున్న వస్తువులో నేనేం పెట్టించానో ముందు చెప్పాలి. మంగళవారమంతా వెనకాడి, బుధవారం సెలవు పెట్టి, లాప్‌టాప్ సంచీతో చెరుకుపల్లి మీదుగా బాపట్ల వెళ్లాను. ఆమె ఇచ్చిన మంచినీళ్లు కూడా తాగకుండా చెప్పేశాను.

“అంతేనా బాబాయ్? మీ మొహం చూసి, గుడి గంట అమ్మేశారేమో అనుకున్నా.”

“నీకు నవ్వులాటగా ఉంది.”

“లేదులెండి. లినక్స్ అని ఇంకో సిస్టం ఉంది, అది వేద్దాం. పాత లాప్‌టాప్‌కి కూడా సరిపోద్ది. దీన్ని ఊరికే ఇస్తారు. ఎన్ని కాపీలైనా తీసుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వచ్చు. దొంగ కాపీ అనే మాటే ఉండదు.”

“ఊరికే ఎందుకిస్తారమ్మా? ఎక్కడో ఏదో మెలిక ఉండే ఉంటది.”

“మీరు టైపు చేసిన పాటలు రేపల్లె గుడివాళ్లు అడిగితే ఏం చేశారు?”

“పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చా.”

“ఎందుకిచ్చారు?”

“అడిగారు, ఇచ్చాను. వాళ్లూ పాడుకుంటారుగా.”

“ఇదీ అట్టాంటిదే. ఎక్కడెక్కడో ఉన్నవాళ్లు తలా కాస్త రాసి పెట్టారు.”

“మరి వాళ్ల పేర్లు?”

“లోపల ఉంటయ్ బాబాయ్. ఎవరూ చూడరంతే.”

నాకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. ముఖం తెలియనివాళ్ల కోసం ఇంత పని చేసి ఊరుకునే మనుషులు, ప్రార్థనకు వెళ్లేవాళ్లో కాదో కూడా తెలియని మనుషులు, ఇందరున్నారా అనిపించింది. ఉంటే ఉండనీ, మంచిదే కదా అనుకున్నాను.

ముందు పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాం. నేను మొదటి పాట, చివరి పాట తెరిచి చూశాను. మధ్యలో ఓ పది తెరిచి చూశాను. సింధు ఓపిగ్గా కూర్చుంది. తర్వాత లాప్‌టాప్‌లో ఉన్నదంతా చెరిపేయాలా అని తెర మీద ప్రశ్న వచ్చింది.

“మీరే నొక్కండి,” అంది.

నొక్కాను. అరగంటలో కొత్త సిస్టం తెరుచుకుంది. మూలన ఏ అక్షరాలూ లేవు. పాటలు తెరిస్తే తెలుగు బాగానే వచ్చింది గాని, అక్షరాల సైజు పెరిగి ప్రతి చరణంలో చివరి వరుస తెర కిందికి జారిపోయింది. నా గుండె కూడా జారింది. ఎలా సర్దాలో సింధు చూపించింది. కొత్త సిస్టం ఎక్కించే పెన్‌డ్రైవ్ ఒకటి నా చేతిలో పెట్టి, “ఇంకెవరికైనా కావాలంటే మీరే ఎయ్యండి” అని పంపించింది. ఆ రాత్రి, తర్వాత రెండు రోజులు పని దిగాక, కూర్చుని నాలుగు వందల పాటలూ సర్దాను.

ఇక పెద్దమ్మకు చెప్పడం మిగిలింది. శనివారం ఉదయం వెళ్లేసరికి అరుగు మీద గోంగూర వలుస్తోంది. చూపు తగ్గింది గాబట్టి ఆకుని వేళ్లతో తడిమి తుంచుతోంది. పక్కన కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చెయ్యి ఆపింది.

“అంటే మీ పెదనాన్న పేరు కింద ఆరేళ్లు దొంగ సరుకు నడిపావ్.”

“అవును పెద్దమ్మా.”

“ఇప్పుడుందా?”

“లేదు. తీసేశాం.”

“మిగిలిన డబ్బేం చేశావ్?”

“ఆ తెర కొన్నాను.”

తల ఇటు తిప్పింది. “తెర నా డబ్బుతో కొన్నదా? మరి దాని మీద మీ పెదనాన్న పేరేదిరా?”

తిడుతుందనుకుని కూర్చున్నవాణ్ణి, ఒక గోంగూర కాడ తీసుకుని వలవడం మొదలుపెట్టాను.

“ఎవరో పుణ్యాత్ములు పేరు కూడా రాయించుకోకుండా ఇచ్చారనుకున్నా. ఆరేళ్ల నుంచి పొద్దున్నే లేచి వాళ్ల కోసం ప్రార్థన చేస్తన్నాను. తీరా చూస్తే నా కోసం నేనే చేసుకున్నానన్నమాట.”

ఆమె నవ్వుతోందో లేదో తెలియక నేను నవ్వలేదు. కాసేపటికి ఆమె భుజాలు కదిలాయి. అప్పుడు నవ్వాను.

“నవ్వింది చాలు. రేపు గుడిలో సాక్ష్యాలు చెప్పేటప్పుడు అందరి ముందూ లేచి చెప్పు. నాకు చెప్పినట్టే చెప్పు. పేరు రాయించే సంగతి తర్వాత చూద్దాం.”

ఆదివారం లేచి నిలబడ్డాను. ఇక ఈ పని నీకొద్దు అంటారేమోనన్నదే నా భయం. లాజరు మాస్టారుతో అబద్ధం ఆడిన సంగతి కూడా కలిపి, ఐదారు మాటల్లో చెప్పాను. నేను లాప్‌టాప్ దగ్గరికి పోకుండా వెనక బెంచీ వైపు నడుస్తుంటే లాజరు మాస్టారు పిలిచారు.

“అటెక్కడికయ్యా? పాట ఎవరు పెడతారు?”

తిరిగి వచ్చి పాట పెట్టాను. ఆ రోజు మీటల మీద నా చేతులు ఎంత తేలిగ్గా కదిలాయో చెప్పలేను.

మధ్యాహ్నం అన్నాలయ్యాక, సింధు ఇచ్చిన పెన్‌డ్రైవ్ తీసుకుని రమ్మని అయ్యగారు కబురు పెట్టారు. వెళ్తే బల్ల మీద ఆయన సొంత లాప్‌టాప్ తెరిచి ఉంది. కింద మూలన ఇంగ్లీషులో అవే రెండు వరుసలు.

“ఆ పెన్‌డ్రైవ్ తెచ్చారా తోమాసు గారూ?”

“తెచ్చానండి.”

సింధు చూపించినట్టే ఒక్కొక్కటి నొక్కుకుంటూ పోయాను. చెరిపేసే ప్రశ్న వచ్చినప్పుడు పక్కకు జరిగి ఆయన్నే నొక్కమన్నాను. నొక్కి, కుర్చీలో వెనక్కి వాలారు.

“పొద్దున చెప్పేటప్పుడు భయం వేసిందా?”

“చెప్పేదాకా వేసిందండి. చెప్పాక ఆకలేసింది.”

అయ్యగారు గోడ మీది క్యాలెండరు వైపు చూశారు.

“వచ్చే ఆదివారం నేను చెప్తాను,” అన్నారు.