టాన్సీ ముక్కున నెత్తురు

పందెంరోజు పొద్దున పదకొండు కావస్తుండగా టాన్సీ తనంతట తనే వచ్చి గది తలుపు మీద మెడ ఆనించింది. పందెం ఉన్న రోజున ఆ వేళకు డాక్టరు వచ్చి, నెత్తురు కారకుండా ఆపే లేసిక్స్ సూది మెడ నరానికి వేస్తాడని ఆ ఆడగుర్రానికి అలవాటే. రెండేళ్ల వయసులో పరుగెత్తిన మొదటి పందెంలోనే దాని ముక్కునుంచి నెత్తురు కారింది. ఆ తర్వాత పది పందేలూ సూదితోనే నడిచాయి.

"ఇవాళ లేదే తల్లీ," అంది వెల్డా స్టాంపర్, దాని నుదురు నిమురుతూ.

కెంటకీలో ఇరవై ఆరేళ్లుగా గుర్రాలకు శిక్షణ ఇస్తున్న మనిషి వెల్డా. ఇవాళ్టిది పెద్ద పందెం. పెద్ద పందేలకు ముందు రెండు రోజులూ ఆ మందు వేయకూడదని కొత్త నియమం. మామూలు పందేలకు అడ్డు లేదు. జోరుగా పరుగెత్తితే గుర్రాల ఊపిరితిత్తుల్లో సన్నటి నరాలు చిట్లడం ఉన్నదే. టాన్సీకి అది మరీ ఎక్కువ. ఎంత ఎక్కువో ఏప్రిల్‌లో తెలిసింది. తెల్లవారుజామున సూది లేకుండా ఒక్కసారి దౌడు తీయించి చూస్తే, రెండు ముక్కురంధ్రాల్లోంచీ నెత్తురు చారలు కట్టింది. స్వారీ చేసినవాడు వెల్డా చెల్లెలి మొగుడు డెవిట్. ఎవరి కంటా పడకముందే వెల్డా తడి స్పాంజితో తుడిచేసింది. అధికారులకు చెప్పి తీరాల్సిన సంగతి. చెప్పలేదు. మూడుసార్లు నెత్తురు కారిందని తేలితే ఆ గుర్రం ఇక బతికినంత కాలం పందెంలో దిగకూడదు మరి.

యజమాని లాక్రిడ్జ్‌కు మాత్రం చెప్పింది. "సూది లేకుండా దీన్ని దింపొద్దండీ. మామూలు పందేల్లోనే తిప్పుదాం."

ఆయన కోప్పడలేదు. "చూడు వెల్డా, ఇందులో మూడో స్థానం వచ్చినా చాలు, రేపు దీని పిల్లల కోసం జనం ఎగబడతారు. నీకు మనసొప్పకపోతే చెప్పెయ్. పక్క షెడ్డులో ఫెరిస్ ఉన్నాడుగా. సాయంత్రానికల్లా ఆరింటినీ అక్కడ కట్టించేస్తాను."

ఆమె దగ్గరున్నవి ఎనిమిది గుర్రాలు. ఆరు ఆయనవే. తను కాదంటే ఫెరిస్ దింపుతాడు. తను దింపితే, కనీసం తను పక్కనుంటుంది. అదే మాట పదే పదే చెప్పుకుని పేరు నమోదు చేయించింది.

"అయితే ఇవాళ దాన్ని దేవుడికి వదిలేశామన్నమాట," అన్నాడు డెవిట్, బకెట్ బోర్లించుకుని కూర్చుంటూ.

"నోరు మూసుకుని కాళ్లకు పట్టీలు చుట్టు."

"చుడతాను వదినా. ఊపిరితిత్తులకు చుట్టే పట్టీ ఉంటే అదీ ఇవ్వు."

మధ్యాహ్నం ప్రభుత్వ డాక్టరు మార్గిట్ ప్రూయిట్ వచ్చి, గుర్రాన్ని నాలుగడుగులు నడిపించి కీళ్లు తడిమింది. "చెప్పాల్సిందేమైనా ఉందా వెల్డా గారూ?" అంది, రోజూ అందరినీ అడిగినట్టే.

లాక్రిడ్జ్ రెండు బారల దూరంలో నిలబడి టోపీ సర్దుకుంటున్నాడు.

"ఏమీ లేదండీ," అంది వెల్డా.

పందెంలో టాన్సీ చివరి మలుపు దాకా ముందే ఉంది. జనం కేకలు మొదలయ్యాయి. కంచె పట్టుకుని నిలబడ్డ వెల్డాకు మాత్రం అది తల పైకెత్తడం, గుటక వేయడం కనబడ్డాయి. కాళ్లు ఇంకా పరుగెడుతూనే ఉన్నాయి, ఊపిరే అందడం లేదు. ఒకటి దాటింది, రెండు దాటాయి, తర్వాత అన్నీ దాటిపోయాయి. జాకీ లేచి నిలబడి కళ్లెం బిగపట్టాడు.

వెల్డా మట్టిలో పరుగెత్తి వెళ్లి పట్టుకునేసరికి రెండు ముక్కురంధ్రాలూ ఎర్రగా ఉన్నాయి. జాకీ తెల్ల ప్యాంటు నిండా నెత్తురు తుంపరలు. టాన్సీ నెత్తురు మింగుతోంది, మళ్లీ మింగుతోంది, కళ్లు విప్పార్చుకుని ఆమెనే చూస్తోంది.

"దీనికి ఈ జబ్బు ముందే ఉందామ్మా?" అన్నాడు జాకీ. వెల్డా కళ్లెం అందుకుని దాన్ని షెడ్డు వైపు నడిపించింది.

షెడ్డుకు చేరాక, టాన్సీ ఊపిరి కాస్త కుదుటపడ్డాక, లాక్రిడ్జ్ ఆమె భుజం తట్టాడు. "పోనీలే. రెండోసారే కదా, నెలరోజులు ఆపుతారు. ఆ తర్వాత నువ్వన్నట్టే సూది వేసి మామూలు పందేల్లో తిప్పుదాం. ఇంకో రెండేళ్లు లాగొచ్చు."

వెల్డా లెక్క వేసుకుంది. ఇంకో రెండేళ్లు. ప్రతి పందేనికీ సూది, పెద్ద పందెం వచ్చినప్పుడల్లా ఇదే బెదిరింపు, ఇదే స్పాంజి.

డాక్టర్ ప్రూయిట్ కాగితాలు తెచ్చింది. "రికార్డు ప్రకారం ఇది రెండోసారి."

"మూడోది," అంది వెల్డా.

ప్రూయిట్ కలం ఆగింది. "ఏమన్నారు?"

"ఏప్రిల్‌లో పొద్దుటి దౌడులో కారింది. నేనే తుడిచేశాను. చెప్పలేదు."

"వెల్డా," అన్నాడు లాక్రిడ్జ్ మెల్లగా. "ఆలోచించి మాట్లాడు."

"ఆలోచించాననే అనుకుంటున్నానండీ."

"మీ లైసెన్సు సంగతి తెలుసుగా?" అంది ప్రూయిట్. "చూసినవాళ్లెవరైనా ఉన్నారా?"

వెల్డా టాన్సీ వైపు తిరిగి దాని ముక్కు తుడవసాగింది. డెవిట్ చేతిలోని పట్టీ కింద పెట్టాడు. అతనికీ లైసెన్సు ఉంది, ఇద్దరు పిల్లలున్నారు. "స్వారీ చేసింది నేనే," అన్నాడు. "రాసుకోండి."

టాన్సీ మళ్లీ పందెంలో దిగలేదు. వెల్డాకు ఆరు నెలలు, డెవిట్‌కు నెల లైసెన్సు ఆగింది. లాక్రిడ్జ్ గుర్రాలు ఐదు మర్నాడు పొద్దున్నే ఫెరిస్ షెడ్డుకు మారాయి; పిల్లల్ని కనడానికి టాన్సీని తీసుకెళ్లే లారీ కూడా వచ్చింది. టాన్సీ లోపలికి ఎక్కనని మొరాయిస్తే, ఎక్కించడానికి వెల్డానే పిలిచారు. మిగిలిన రెండూ వారం తిరక్కుండా పోయాయి. గడువు తీరాక కూడా ఆమెకు ఎవరూ గుర్రాన్ని అప్పగించలేదు. చివరికి ఫెరిస్ షెడ్డులోనే పనికి కుదిరింది. డాక్టరు సూది వేసేటప్పుడు గుర్రం తల పట్టుకోవడం ఆమె పని.

నాలుగేళ్ల తర్వాత ఒక ఉదయం డెవిట్ వచ్చి పక్కన నిలబడ్డాడు. "టాన్సీ కూతురికి రెండేళ్లు నిండాయట వదినా. శిక్షణకు ఇక్కడికే పంపుతున్నారట."

"ఎప్పుడు?"

"సోమవారం. అచ్చం తల్లి పోలికేనట."

వెల్డా తన చేతిలో ఉన్న గుర్రం తల ఇంకాస్త పైకెత్తి పట్టింది. డాక్టరు దాని మెడ మీద దూదితో తుడిచి, నరం కోసం వేలితో తడుముతున్నాడు.